భాగహారం రానివాడికి బీజగణితం ట్యూషను



తెలుగు పండితుడివి, లెక్కల జోలి నీకెందుకని అడుగుతారేమో. పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడు. ఆ ధైర్యంతోనే ఈ టపా.

చల్లపల్లిలో మా వీధి కుర్రవాడొకడు ఏడో తరగతి చదువుతున్నాడు. తెల్లవారుజామున ట్యూషను, తర్వాత బడి, బడి వదిలాక స్టడీ అవరు, రాత్రి మళ్ళీ ట్యూషను. తండ్రి కౌలురైతు. మొన్న మా అరుగు మీద కూర్చుని సామాన్య సమీకరణాలు చకచకా చేస్తున్నాడు.

"అరకి మూడోవంతు కలిపితే ఎంతరా?" అన్నాను.

"రెండు బై అయిదు, తాతగారూ."

"కలిపాక అరకంటే తగ్గిందేమిట్రా?"

వాడు తప్పు చేసినవాడిలా తల వంచుకున్నాడు. తప్పు వాడిది కాదు.

గురులఘువులు గుర్తించలేని పిల్లవాడి చేత "భ ర న భ భ ర వ" అని రోజుకు నూరుసార్లు వల్లె వేయించామనుకోండి. ఉత్పలమాల గణాలేవంటే ఠక్కున చెబుతాడు, పద్యపాదం ఇస్తే గణవిభజన చేయలేడు. మన గణితం ట్యూషన్లు చేస్తున్నది అచ్చంగా ఇదే. బడిలో అర్థం కాని పాఠాన్నే మరింత వేగంగా, మరింత రాత్రివేళ, డబ్బు తీసుకుని మళ్ళీ చెప్పడం!

అసర్ నివేదికలు చూడండి. దేశంలోని గ్రామాల్లో 1 నుంచి 8 తరగతుల పిల్లల్లో ట్యూషన్లకు వెళ్ళేవారు 2018లో 26.4 శాతం, 2022లో 30.5 శాతం. అదే కాలంలో భాగహారం చేయగలిగిన 8వ తరగతి పిల్లలు 44.1 నుంచి 44.7 శాతమయ్యారు. మధ్యలో కరోనా వచ్చిందన్నది నిజమే. అయినా ట్యూషనే మందు అయితే రోగం ఇంత మొండిగా ఉండకూడదు గదా!

అదనపు బోధనే దండగ అని నా వాదన కాదు. వడోదర, ముంబై సర్కారు బడుల్లో "బాలసఖి" అని ఒక ప్రయత్నం జరిగింది. 3, 4 తరగతుల్లో వెనకబడిన పిల్లలను పదిహేను ఇరవై మందిని విడిగా కూర్చోబెట్టి, బడివేళల్లోనే, రోజుకు రెండు గంటలు, స్థానిక యువతి చేత పునాది పాఠాలు చెప్పించారు. 2007లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం ఎక్కువ లాభపడినవాళ్ళు అట్టడుగున ఉన్న పిల్లలే. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలాభాగం కరిగిపోయింది కూడా. కాబట్టి నాలుగు వారాల శిబిరంతో చేతులు దులుపుకోవడమూ కుదరదు.

అది మూడో తరగతి మాట అంటారా? మా ఏడో తరగతి కుర్రవాడు గణితంలో ఉన్నది అక్కడేనండీ!

చట్టం కూడా ఈ మాటే చెబుతున్నది. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షను ప్రకారం సిలబస్ పూర్తి చేయడం ఉపాధ్యాయుడి విధి. ప్రతి పిల్లవాడి సామర్థ్యం చూసి అవసరమైన అదనపు బోధన చేయడమూ విధే. నా సర్వీసులో తనిఖీకి వచ్చినవారు మొదటిదాన్ని గురించి అడగని రోజు లేదు, రెండోదాన్ని గురించి అడిగిన రోజు లేదు.

నేనూ ఈ పాపంలో భాగస్వామినే. పదో తరగతి ప్రత్యేక తరగతుల్లో "గట్టెక్కేవాళ్ళ"ను ముందు వరసలో కూర్చోబెట్టి, వెనక వరసను దేవుడికి వదిలేశాను. నాలుగేళ్ళ ముందు, ఆరో తరగతిలో, రోజుకొక గంట ఇచ్చి ఉంటే ఆ వెనక వరసే ఉండేది కాదు.

ఈ ఊరు చేతకానిది కాదు. 2014లో మొదలైన స్వచ్ఛ చల్లపల్లిలో తెల్లవారకముందే చీపుళ్ళు పట్టి వీధులు ఊడ్చినవాళ్ళున్నారు. పక్కనున్న అవనిగడ్డ డీఎస్సీ శిక్షణకు పేరుపడ్డది. కాబోయే ఉపాధ్యాయులకు అక్కడ కొదవ లేదు. ఆరో తరగతి పిల్లలను తరగతిని బట్టి కాక, వచ్చినదాన్ని బట్టి జట్లు చేసి, బడివేళల్లోనే ఒక గంట కేటాయించమని బడులను అడుగుదాం. ఆ గంటలో వాళ్ళతో కూర్చునే మనుషులను ఊరు ఇవ్వలేదా?

సాయంత్రం మాత్రం పిల్లవాడికి వదిలేయండి. అది ఆడుకోవడానికి.

ఆ కుర్రవాడికి నేనొక కొబ్బరిచిప్ప, చారెడు చింతగింజలు ఇచ్చాను. భిన్నాలు మొదలుపెట్టాం. డబ్బేమీ తీసుకోవడం లేదు లెండి. లెక్కల మాస్టార్లెవరైనా ఈ టపా చదివి నన్ను తిట్టదలిస్తే తిట్టండి. తిట్టాక మీ వీధిలో ఒక పిల్లవాణ్ణి పిలిచి, అరకి మూడోవంతు కలపమనండి.