సజ్దా నుండి లేవలేని బిడ్డ

మా మద్రసాలో ఆత్మకూరు చుట్టుపక్కల గ్రామాల పిల్లలు చదువుకుంటారు. కొన్నేళ్ళ క్రితం వారిలో 14 ఏళ్ళ విద్యార్థి ఒకడు సజ్దా నుండి లేవడానికి ఆలస్యం చేసేవాడు. మేము దానిని సోమరితనంగా తలచి, అందరి ముందరా మందలించాము. రాత్రిళ్ళు నడుము నొప్పితో నిద్ర పట్టడం లేదని వాడు తోటివారితో చెప్పుకునేవాడట. ఆ మాట మా దాకా రాలేదు. వచ్చేటట్లు మేము మసలుకోలేదన్నదే నిజం.

ఒకనాడు వుజూ చేసుకుని వస్తుండగా వాడి కాలి చెప్పు జారిపోయింది. ఆ సంగతి వాడికి తెలియనే లేదు. ఉత్త కాలితోనే నడిచి వచ్చాడు. మాకు గుండె ఝల్లుమన్నది. నడుముకు మర్దనా చేయిద్దామని మేనమామ అన్నాడు. దుఆ చేసి, మరునాడే కర్నూలు పెద్దాసుపత్రికి పంపించాము.

ఎం.ఆర్.ఐ. తీస్తే వెన్నుపూసలో గడ్డ కనిపించింది. దాని పేరు ఆస్టియోబ్లాస్టోమా. క్యాన్సర్ కాదన్నారు. అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాము. అయితే క్యాన్సర్ కానంత మాత్రాన అపాయం లేదనుకోరాదు. వెన్నుపాము చిటికెన వేలంత లావుండి, ఎముక గొట్టంలో ఇమిడి ఉంటుంది. అక్కడ గడ్డ పెరిగితే వెన్నుపాము తప్పుకోవడానికి చోటుండదు. అది నలిగేకొద్దీ కాళ్ళలో పట్టు సడలుతుంది, స్పర్శ తగ్గుతుంది, మలమూత్రాలపై అదుపు పోతుంది.

వెన్నుపూసలో కనిపించే ప్రతి గడ్డా ఇటువంటిది కాదు. హెమాంజియోమా అనేది ఎందరికో ఉంటుంది, అత్యధికులకు ఏ బాధా కలిగించదు. ఆస్టియాయిడ్ ఆస్టియోమా చిన్నది. రాత్రివేళ నొప్పి పెట్టి, ఆస్పిరిన్ వంటి మాత్రలతో తగ్గుతుంది. మాత్రతో తగ్గింది కదా అని ఊరుకోరాదు.

ఎముక పెరిగి వెన్నుపామును నొక్కడం మన తెలుగు నేలకు కొత్త కాదు. నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిరుసెక్కి కుంగిపోయిన వారిని గురించి 1937లో నాటి నెల్లూరు జిల్లా నుండి, 1955లో నల్గొండ నుండి డాక్టర్ సిద్దిఖీ వంటి వైద్యులు లోకానికి తెలియజేశారు. అది గడ్డ కాదు. కాని వెన్నుపాముకు కలిగే హాని ఇటువంటిదే.

తల్లిదండ్రులారా! పిల్లవాడు రాత్రి నొప్పితో లేస్తున్నా, వెన్ను ఒక పక్కకు వంగుతున్నా, నడకలో తూలుతున్నా, చెప్పు జారినా తెలియకున్నా ఆలస్యం చేయకండి. మర్దనా, కట్టు జోలికి పోకండి. ఖర్చుకు భయపడి ఆగకండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం గురించి ఆసుపత్రిలో అడగండి. వైద్యం చేయించుకొమ్మని దైవప్రవక్త (సఅసం) మనకు బోధించారు. దుఆ, వైద్యం ఒకదానికొకటి అడ్డు కావు.

శస్త్రచికిత్స జరిగింది. వాడు నడుస్తున్నాడు, కాని ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తాడు. ముందే పంపి ఉంటే ఆ మాత్రం కూడా మిగిలేది కాదేమో. నిలబడలేనివాడు కూర్చుని నమాజు చేయవచ్చునని పాఠం చెప్పే మేమే, లేవలేని బిడ్డను గుర్తించలేకపోయాము. వాడిని క్షమాపణ అడిగాము. ఉస్తాదులారా, ఒక బిడ్డ వెనకబడితే కోపగించే ముందు ఒక్కమాట అడగండి: “ఎక్కడ నొప్పి, నాయనా?”