ధారావాహికలు ముగిసినవి, తగవు ముగియవలదా?

కోయంబత్తూరు, మదుర పేటలలోని మన తెలుగు కుటుంబములలో టెలివిజన్ ధారావాహికను గూర్చి పుట్టిన వాగ్వాదము నేటికిని చల్లారలేదు. ఒక పక్షము వారికి స్టార్ మాలో 2017 మొదలు వచ్చిన "కార్తీక దీపం" ప్రియము. రెండవ పక్షము వారికి విజయ్ టీవీలో 2019 మొదలు వచ్చిన తమిళ "భారతి కణ్ణమ్మ" ప్రియము. ఏది మేలైనదను ముచ్చట వినోదముగా మొదలయ్యెను. క్రమముగా, తమిళమున చూచువారు తల్లిభాషను విడిచినవారనియు, తెలుగున చూచువారు ఉన్న ఊరిని ఎరుగనివారనియు నిందలాడుకొనుట వరకు వచ్చెను. వియ్యమందిన ఇండ్లవారు సైతము ఒకరి పేరంటమునకు ఒకరు పోవుట మానిరి. ఆ రెండు కథలును 2023 మొదటి నెలలలోనే ముగిసినవి. వాని పేర రెండవ భాగములును వచ్చినవి. మనవారి మౌనము మాత్రము ముగియలేదు.

ఇంతకును వాదమునకు మూలమేమి? ఆ రెండును 2014లో ఏషియానెట్‌లో ప్రారంభమైన "కరుత్తముత్తు" అను మలయాళ కథనుండి వచ్చినవే. తెలుగువారు వంటలక్కయని నెత్తిన పెట్టుకొన్న ప్రేమీ విశ్వనాథ్ కేరళ నటి. మలయాళ మూలమునను ఆమెయే నటించినది. పొరుగింటి దీపము తెచ్చి రెండిండ్లవారు వెలిగించుకొని, నాది తెలుగు వెలుగు, నీది అరవ వెలుగు అని కలహించుట తగునా?

అయినను ఇరుపక్షముల వ్యథను మేము తేలికగా తీసివేయము. తమిళనాట 2006 నాటి చట్టముచే బడులలో తమిళము నిర్బంధమైనది. మన పిల్లలలో పెక్కురకు తెలుగు నోటిమాటయే గాని వ్రాత కాదు. తెలుగు ధారావాహిక చెవిని బడినను మేలేయని పెద్దల ఆశ. ఆ తెలుగు మన ఇంటి తెలుగువలె లేదనియు, బడిలోను అంగడిలోను పలుకు తమిళమే తమకు సుబోధమనియు పిన్నల మాట. రెండును నిజములే. నాయకరాజుల కాలమునుండి ఈ రెండు భాషలతోడనే మనము బ్రదికితిమి.

ఒక్క సంగతి మాకు ఊరట నిచ్చినది. ఇంత కలహమును మనవారు తెలుగుననే సలిపిరి! తమిళ కథను మెచ్చినవారును తమ మెప్పును తెలుగుననే చెప్పిరి. కావున భాషాభిమానమునకు పరీక్ష తెరమీద లేదు, ఇంటిమాటలో నున్నది.

ఆ కథలలో నాయకుడు తానే వైద్యుడై యుండియు, ఒక్క డి.ఎన్.ఏ. పరీక్షతో తీరిపోవు అనుమానమును ఏండ్లతరబడి మోసెనని మనమందరమును నవ్వితిమి. ఒక్క సాయంకాలము ఎదురెదురుగా కూర్చుండిన తీరు తగవును మనమెన్నాళ్లు మోయుదుము?

మా మనవి యిది. పెద్దలే ముందుగా గడప దాటి పోవలెను. పేరంటపు పిలుపులు తిరిగి సాగవలెను. ఎవరింట ఏ భాషలో ఏ కథ చూచినను, చూచిన పిదప దానిని గూర్చి పిల్లలతో తెలుగున మాటలాడవలెను. ఆదివారమున ఒక గంట వారిచే అక్షరములు దిద్దింపవలెను. దీనికి ఇరుపక్షముల తల్లులును కలిసి పూనుకొన్నచో పాత బాకీ తీరినట్లే. మనవారు ఆలోచింతురు గాక.