తేట నీళ్లు, మంచి నీళ్లు

మాది కామాఠిపురా. కట్టడాల పనికి వచ్చిన కామాఠీలు, అంటే మన తెలుగు కూలీలు, ఈ పేటకు తమ పేరే ఇచ్చారు. నా చిన్నతనంలో వానకాలం వస్తే మా చాలీ నల్లాలో ఎర్రనీళ్లు వచ్చేవి. మా అమ్మ కరీంనగర్ నుంచి చిల్లగింజలు మూట కట్టి తెచ్చుకునేది. గింజను రాయి మీద అరగదీసి ఆ గంధాన్ని బిందెలో కలిపితే, తెల్లవారేసరికి మన్ను అడుక్కు దిగి నీళ్లు తేటపడేవి.

ఒక ఏడు ఆ నీళ్లే తాగిన తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వాడు గండం గడిచి బయటపడ్డాడు గాని, "నీళ్లు తేటగనే ఉండె గద, గిట్లెందుకయ్యింది?" అన్న అమ్మ ప్రశ్న నాలో ఉండిపోయింది.

దానికి జవాబు మొన్నామధ్య మా మేనకోడలు చెప్పింది. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతోంది. చిల్లగింజ మన్నును దించుతుందే గాని క్రిములన్నిటినీ చంపదట. "ఆ పని ఎండ చేస్తది మామా" అంటూ తన ప్రయోగం సంగతి చెప్పింది.

వేపాకు కషాయంలో జింకు లవణం కలిపి, వేడిచేసి, ఆ ముద్దను కొలిమిలో కాలిస్తే సన్నని జింక్ ఆక్సైడ్ పొడి వస్తుంది. నలుసులు పెద్దవి కాకుండా ఆకులోని పదార్థాలు ఆపుతాయి. చిటికెడు పొడి వేసి ఎండలో పెడితే రంగునీళ్లు కొన్ని గంటల్లో వెలిసిపోతాయి. వెలుగు తగిలినప్పుడు పొడి మీద పుట్టే చురుకైన కణాలు రంగును విరగ్గొడతాయి, క్రిములనూ చంపుతాయి. దీన్నే కాంతి ఉత్ప్రేరకం అంటారు. మిల్లుల్లో, మగ్గాల మీద బతికిన మన పద్మశాలీ కుటుంబాలకు అద్దకం నీళ్ల బాధ కొత్త కాదు గదా! 1972లో జపాన్ శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు పడేట్టు చేసి, నీటినే హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టి చూపారు. పొగలేని ఇంధనానికీ ఇదే దారి.

"అయితే మన డ్రమ్ములో వేద్దామా?" అన్నాను.

"వద్దు మామా! పొడిని మళ్లీ నీళ్లలకెల్లి తీసుడు కష్టం. జింకు కొంత కరుగుతది గూడ."

పైగా ఇది ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలకే పనిచేస్తుంది. మన ఎండలో అవి నూటికి అయిదు పాళ్లకు మించవు.

ఇంట్లో చేయగలిగింది వేరే ఉంది. తేట నీళ్లను శుభ్రమైన, రంగులేని ప్లాస్టిక్ సీసాలో పోసి మంచి ఎండలో 6 గంటలు ఉంచాలి. మబ్బుగా ఉంటే 2 రోజులు. బురదనీళ్లలోకి వెలుగు దూరదు, కనుక ముందు తేట, తరువాత ఎండ. మరి వానకాలం చాలీ వరండాలో ఎండెక్కడిది అంటారా? అప్పుడు మరగకాచడమే.

అమ్మ ఉంటే చెప్పేవాణ్ని: నీ గింజ సగం పని చేసిందమ్మా, మిగతా సగం మాకు తెలియలేదు.