సెలవుల్లో గడికో అక్షరం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు పెద్ద పెద్ద విషయాలే మనసులో మెదిలాయి. ఉద్యోగాల గురించి రాయాలా, పోటీ పరీక్షల గురించి రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి చాలా చిన్న విషయం దగ్గర ఆగాను. పండగ సెలవులకు సంచి సర్దుకుని ఇంటికి బయలుదేరే మన హాస్టల్ పిల్లవాడి చేతిలో ఏ కాగితం పెట్టి పంపాలి? ఇదే ఆ విషయం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సెలవులకు ఇంటికి వెళ్లాను. పక్కింటి అవ్వ పింఛను దరఖాస్తు తెచ్చి నింపమంది. మా వీధి మొత్తానికి అప్పుడు చదువుకునేవాణ్ణి నేనే. కాగితం నిండా గళ్లు. గడికో అక్షరం చొప్పున రాయాలి. అవ్వ పేరు రాయబోతే ఒత్తులు కింది గడిలోకి జారాయి, దీర్ఘాలు పక్క గడిలోకి పోయాయి. కొట్టేసి మళ్లీ రాశాను. అవ్వ ఆ కాగితం పట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్లింది. ‘కోడి గెలికినట్టుంది, ఇంకోటి రాయించుకురా పో’ అని తిప్పి పంపారట. సాయంత్రం అవ్వ మా గడప దగ్గర కూర్చుని, ‘నీకు చదువొచ్చుగా నాయనా’ అంది. తిట్టినా బాగుండేది. ఈరోజు పీజీ చదువుతున్నాను, మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి. అయినా ఆ మాట నా చెవిలోంచి పోలేదు.

మరి నేను తక్కువ రాశానా? లేదు. ప్రతి సంక్రాంతికీ, ప్రతి దసరాకూ ‘పాఠాలన్నీ అయిదేసిసార్లు రాసుకురండి’ అనేవారు. ఎలా రాసేవాళ్లమో హాస్టల్లో చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. సెలవులన్నీ ఆడుకుని చివరి రోజు కూర్చునేవాళ్లం. వాక్యం మొదటి మాటను పేజీ పొడుగునా కిందికి రాసేసి, తరువాత రెండో మాటను పక్కనే ఇంకో వరుసగా రాసేవాళ్లం. కొందరు ఘనులు రెండు పెన్నులు దారంతో కట్టి ఒకేసారి రెండు లైన్లు లాగించేవారు. చేయి కదిలేది, కన్ను చూసేది కాదు, మనసు గాలిపటం దగ్గర ఉండేది. అలా నోటుపుస్తకాలు నిండాయి గానీ రాత కుదరలేదు. పైగా తప్పు రాసిన మాట ముప్పైసార్లు రాసి ఆ తప్పునే గట్టిపరచుకున్నాం.

అందుకే నా అభిప్రాయం ఇది. సెలవుల్లో చిన్న తరగతుల పిల్లలకు ఈ ఎత్తిరాతలు మానిపించి, పండగ మాటలతో, ఇంటి మాటలతో గళ్ల నుడికట్లు తయారుచేసి ఇవ్వాలి.

గళ్ల నుడికట్టు పుట్టిందే పండగ ముందు. 1913 డిసెంబర్ 21న, క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు, అమెరికాలో ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదటి పజిల్ అచ్చువేయించాడు. మన భాషలో శ్రీశ్రీ, ఆరుద్ర అంతటి కవులు గళ్లు కూర్చారు. కాబట్టి ఇది పనికిమాలినవాళ్ల కాలక్షేపం అనుకోనక్కర్లేదు.

ఇంగ్లీషు పజిల్లో గడికి ఒక్క అక్షరం రాస్తే సరిపోతుంది. మన తెలుగులో గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిపి ఒకే గడిలో పట్టాలి. ‘సంక్రాంతి’ మూడు గళ్లు: సం, క్రాం, తి. ఆ నడిమి గడి చూడండి. క, దానికి ర ఒత్తు, దీర్ఘం, సున్న, నాలుగూ గీత దాటకుండా కూర్చోవాలి. పిల్లవాడు అక్కడ ఒక్క క్షణం ఆగి, ఎంత పెద్దగా రాయాలి, ఒత్తు ఎక్కడ పెట్టాలి అని చూసుకుంటాడు. చేతిరాత అంటే ఆ ఆగడమే. అక్షరం సైజు, మాటకూ మాటకూ ఎడం, ఒత్తుకు చోటు, ఇవన్నీ గడి నేర్పుతుంది. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలా ఉండవు కనుక మన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. ‘క్రిస్మస్’ కూడా మూడు గళ్లే, క్రి, స్మ, స్. అందులో ఆ కష్టమైన ఒత్తులు రెండున్నాయి.

అడ్డం, నిలువు కలిసేచోట ఇంకో పాఠం ఉంది. గంగిరెద్దు అడ్డంగా రాస్తే దాని రెండో గడిలో భోగి నిలువుగా వచ్చి కలుస్తుంది. హరిదాసు, అరిసె రెండూ ‘రి’ దగ్గర కలుస్తాయి. గొబ్బెమ్మ, బతుకమ్మ చివరి గడిలో కలుస్తాయి. కానీ జమ్మి వచ్చి బతుకమ్మతో కలవదు. మ్మకూ మ్మికీ తేడా ఏమిటో అక్కడ ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. గడి కుదరకపోతే తప్పు ఎక్కడుందో పిల్లవాడే వెతుక్కుంటాడు. ఎర్ర పెన్ను అక్కర్లేదు.

ఆధారం చదివి మాట తనే తలచుకుని రాయడానికీ, ఎదురుగా ఉన్న మాట చూసి ఎత్తి రాయడానికీ చాలా తేడా ఉంది. తానుగా తెచ్చుకున్న మాట, ఊరికే చదివిన మాటకంటే బాగా గుర్తుంటుందని 1978లో స్లామెకా, గ్రాఫ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాలతో చూపారు. మా రీడింగ్ రూములో నాకూ అదే జరిగింది. ఇంటర్లో ఉండగా హాస్టల్‌కు ఒకే పేపరు వచ్చేది. ఆదివారం పజిల్ కోసం పదిమందిమి ఎగబడేవాళ్లం. పెన్నుతో రాస్తే సీనియర్లు వీపు పగలగొట్టేవారు. పెన్సిలుతో, ఇంకొకరికి అర్థమయ్యేలా నీటుగా రాయాలి, తప్పయితే చెరపాలి. ఎత్తిరాతలకు కుదరని నా రాత ఆ రెండేళ్లలో కుదిరింది.

పోయిన సంక్రాంతికి మా అక్క కొడుక్కి ఒక కాగితం చేసి ఇచ్చాను. వాడు అయిదో తరగతి. అన్నీ ఇంటి మాటలే: చేట, రోకలి, నాగలి, కాడి. ఒక ఆధారం, ‘పిండి దీంతో పడతారు, మూడు గళ్లు’. వాడు వంటింట్లోకి పరిగెత్తి మా అమ్మనడిగాడు. ‘జల్లెడ రా’ అంది అమ్మ. వాడు రాసుకుని పైకి చదివాడు: ‘జలెడ’. అమ్మ పొయ్యి దగ్గరినుంచే, ‘జలెడ ఏందిరా, జల్లెడ! నొక్కి పలుకు’ అంది. వాడు రబ్బరు తీసుకుని చెరిపి, ల కింద ఒత్తు పెట్టాడు. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. వేలిముద్ర వేస్తుంది. అయినా మనవడి తప్పు చెవితో పట్టుకుని దిద్దింది. నా ఇరవైమూడేళ్లలో మా అమ్మ హోంవర్కు చెప్పడం చూసింది అదే మొదటిసారి. పాఠం అయిదుసార్లు రాయమన్నప్పుడు మన అమ్మానాన్నలు పక్కకు తప్పుకుంటారు, మాకేం తెలుసులే అని. గళ్ల కాగితం వాళ్లను మళ్లీ పక్కన కూర్చోబెడుతుంది. ఎందుకంటే అందులోని మాటలు వాళ్లవి.

ఇప్పుడు అందరూ ఫోన్లలోనే రాస్తున్నారు, చేతిరాత ఎందుకు అనేవాళ్లున్నారు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష ఈనాటికీ చేత్తోనే రాయాలి. మన పేపరు దిద్దేవారికి మన ముఖం తెలియదు, మన కష్టం తెలియదు, తెలిసేది మన రాత ఒక్కటే. ఇంకొందరు, పజిళ్లతోనే చదువొచ్చేస్తుందా అంటారు. రాదు. పెన్సిలు పట్టుకోవడం, అక్షరం ఎక్కడ మొదలుపెట్టాలన్నది పక్కన కూర్చుని టీచరో అన్నో చూపించాల్సిందే. గళ్లు ఆ పనికి తోడు మాత్రమే.

తయారుచేసే అన్నలకు నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. మూడు, నాలుగు తరగతులకు అక్షరాల గుంపులో మాటలు వెతికే పజిల్ ఇవ్వండి. అయితే సున్న చుట్టి వదిలేస్తే రాత రాదు, దొరికిన మాటను కింద గళ్లలో రాయించాలి. గడి రెండు సెంటీమీటర్లన్నా ఉండాలి, లేకపోతే ఒత్తుకు చోటుండదు. ఆధారం రాసేచోట చిన్న బొమ్మ వేయండి. అయిదు నుంచి ఏడు వరకు అయిదు గళ్లు అడ్డం, అయిదు గళ్లు నిలువు చాలు. పైతరగతుల వాళ్లను వాళ్ల ఊరి మాటలతో కొత్త పజిల్ తయారుచేసి తెమ్మనండి. ఒక ఊరి మాట ఇంకో ఊరివాడికి తెలియకపోతే వాదన జరుగుతుంది, జరగనివ్వండి. టైము పెట్టొద్దు, మార్కులు వేయొద్దు. ఎడమచేత్తో రాసేవాణ్ణి రాయనివ్వండి. తిరిగొచ్చాక కాగితాలన్నీ డైనింగ్ హాలు గోడకు అంటించండి.

హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు నా విన్నపం. ప్రతి వార్షికోత్సవానికీ మీరు ప్లేట్లు, దుప్పట్లు, నోటుపుస్తకాలు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి ఒక్కొక్కరు ఒక్కో పజిల్ కూడా రాసి పంపండి. మీ ఊరి పండగ, మీ పొలం, మీ అమ్మ వంటింటి మాటలతో. జిరాక్సు ఖర్చు పీజీ విద్యార్థులం చందాలు వేసుకుంటాం. వార్డెన్ సారు ఒప్పుకుంటే వచ్చే పండగ సెలవులకే మొదలుపెడదాం.

మా పక్కింటి అవ్వ ఇప్పుడు లేదు. కానీ మన వీధుల్లో దరఖాస్తు కాగితం పట్టుకుని తిరిగే అవ్వలు ఇంకా ఉన్నారు. రేపు వాళ్లలో ఎవరైనా మన తమ్ముడి దగ్గరికొచ్చి ‘ఇది నింపి పెట్టు నాయనా’ అంటే, ఆ అవ్వ రెండోసారి నడవకూడదు.