వెనక సీటుకీ ఓటుంది

మొన్న ఆదివారం పొద్దున్నే మియాపూర్ నుంచి మా బావమరిది ఫోను. "బావా, ఒక్క ముక్క చెప్పు. చిన్న ఎస్‌యూవీలో టాప్ మోడల్ తీసుకోనా, పెద్ద ఎస్‌యూవీలో కింది మోడల్ తీసుకోనా? రెండూ అటూఇటుగా ఒకే రేటుకి వస్తున్నాయి." వెనక నుంచి వాళ్లావిడ గొంతు: "సన్‌రూఫ్ ఉన్నదే అని చెప్పండి అన్నయ్యగారూ!" పిల్లల గొంతులు సరేసరి. మా అత్తగారి గొంతు మాత్రం వినపడలేదు. ఆ బండిలో వెనక కూర్చునేది ఆవిడే.

ఇవాళ కారు కొనాలనుకునే ప్రతి మధ్యతరగతి ఇంట్లోనూ ఇదే పేచీ. వెన్యూనా క్రెటానా, బ్రెజానా గ్రాండ్ విటారానా, సోనెటా సెల్టోసా. ఈ చివరి జంట మన పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో పుట్టిందే కాబట్టి దాని లెక్కే చూద్దాం. సెల్టోస్ 2019లో వచ్చింది, తమ్ముడు సోనెట్ 2020లో. మొదట వచ్చినప్పుడు అన్న పొడవు 4,315 మిల్లీమీటర్లు, తమ్ముడిది 3,995. అంటే అడుగు మీద కాస్త తేడా. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,610, 2,500. అది జానెడులో సగం. డిక్కీ 433 లీటర్లు, 392 లీటర్లు. తేడా అంతా కలిపితే ఇంట్లో వేయించుకునే నీళ్ల క్యాన్లు రెండు. ఇక వెడల్పు చూడండి: 1,800, 1,790. తేడా చిటికెన వేలంత కూడా లేదు! పెద్ద బండిలో వెనక ముగ్గురు హాయిగా పడతారన్న నమ్మకం ఇక్కడే సగం కూలిపోతుంది. పెరిగింది కాళ్ల చోటు, సామాన్ల చోటు. భుజాల చోటు కాదు.

మరి ఒకే డబ్బుకి చిన్నదానిలో అన్ని హంగులూ, పెద్దదానిలో బోసి డ్యాష్‌బోర్డూ ఎందుకు? కంపెనీ పిసినారితనం అనుకుంటాం గానీ, పెద్ద వాటా సర్కారు టేపుది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకి ఎక్సైజు తగ్గించారు. అప్పటినుంచి మన రోడ్ల మీద 3,995 మిల్లీమీటర్ల బండ్లు పుట్టగొడుగుల్లా మొలిచాయి. ఆ గీత చెరగలేదు సరికదా, ఇంకా లోతుగా దిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు ఉండి, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటని కారుకి జీఎస్టీ 18 శాతం. ఏ ఒక్కటి దాటినా 40 శాతం. షోరూం ధర 12 లక్షలు అనుకోండి. చిన్నదానిలో పన్ను సుమారు లక్షా 83 వేలు, పెద్దదానిలో 3 లక్షల 43 వేలు. అదే 12 లక్షల్లో లక్షా 60 వేలు మన కంటికి కనపడకుండానే పోయాయి. సన్‌రూఫ్, అలాయ్ వీల్స్, పెద్ద స్క్రీన్ ఎక్కడికి పోయాయని అడిగితే జవాబు ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. టాప్ మోడల్‌లో వచ్చే హంగులు చాలావరకు ఎవరి ముందుంటాయి? స్క్రీన్, చల్లగాలి వచ్చే సీట్లు, డిజిటల్ మీటరు, అన్నీ ముందు సీటు సొత్తు. పెద్ద బండిలో పెరిగిన ఆ సగం జానెడు వెనక సీటు సొత్తు. టెస్ట్ డ్రైవ్ చేసేది ముందు సీటు, ఈఎంఐ కట్టేదీ ముందు సీటే. అందుకే ఈ పోటీలో ఎప్పుడూ అదే గెలుస్తుంది. సన్‌రూఫ్ వెనకవాళ్లకి కదా అంటారేమో. పిల్లలు తల బయటపెట్టి నిలబడతారే, సడన్ బ్రేకు పడితే ఏమవుతుందో ఆలోచించండి.

ఇంకో లెక్క కూడా ఉంది. కింది మోడల్‌కి స్క్రీన్, కెమెరా, సీటు కవర్లు తర్వాత నిదానంగా పెట్టించుకోవచ్చు. వైర్లు కోయకుండా, వారంటీ పోకుండా చేసేవాడి దగ్గరే పెట్టించాలి, అంతే. ఎయిర్‌బ్యాగులు, ఆటోమేటిక్ గేరు, బండి పొడవు ఏ మెకానిక్కూ తర్వాత తెచ్చిపెట్టలేడు. కాబట్టి కింది మోడల్ అయినా ఎయిర్‌బ్యాగులెన్ని, వెనక మధ్య సీటుకి భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా లేదా అడగకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

పెద్ద బండి అంటే పెళ్లికి వెళ్తే గేటు దగ్గర దక్కే మర్యాద అనుకుని కొనేవాళ్లకి మాత్రం నేను చెప్పేదేమీ లేదు. ఆ మర్యాద ఒక పూట. అపార్ట్‌మెంటులో స్తంభం వెనక తోక బయటికి పెట్టి నిలబడే బండి, పక్కింటాయనతో తగువు, రోజూ. ఒక్కడే ఆఫీసుకి వెళ్లొచ్చేవాడికి, వారానికోసారి పిల్లల్ని సినిమాకి తీసుకెళ్లేవాడికి చిన్న బండి టాప్ మోడలే సుఖం.

మా బావమరిది సంగతి వేరు. "ఆర్నెల్ల ఫాస్టాగ్ మెసేజులు తీసి చూడరా" అన్నాను. సాయంత్రానికి లెక్క వచ్చింది. పంతంగి టోల్ గేటు నాలుగుసార్లు దాటాడు, తణుకు వెళ్లి రావడానికి. అందులో మూడుసార్లు వాళ్లమ్మ వెనక సీట్లో. ఒక్కో దారి ఏడెనిమిది గంటలు, సంక్రాంతికైతే లెక్కే లేదు.

మర్నాడు ఆవిణ్ని షోరూంలకి తీసుకెళ్లాడు. వీడు ఆరడుగుల మనిషి. సీటు తనకి కావలసినంత వెనక్కి జరుపుకుని, సరిగ్గా తన వెనక ఆవిణ్ని కూర్చోబెట్టాడు. చిన్న బండిలో ఆవిడ, "పర్లేదు నాన్నా, సర్దుకుంటాను" అన్నారట. పెద్ద బండిలో ఏమీ అనలేదు. కాళ్లు చాపుకుని కిటికీలోంచి బయటికి చూశారు.

సన్‌రూఫ్ లేని పెద్ద బండికి అడ్వాన్సు కట్టాడు.

ఈ వారం షోరూంకి వెళ్లేవాళ్లు రెండు తీసుకెళ్లండి: కొలిచే టేపు, వెనక సీట్లో కూర్చోబోయే మనిషి. మీరు స్టీరింగ్ పట్టుకోకముందే ఆ మనిషిని కూర్చోబెట్టండి. నోట "సర్దుకుంటాను" అన్న మాట వస్తే, ఎన్ని హంగులున్నా ఆ బండి మీ ఇంటికి చిన్నదే.