కూర్చునే చోటుంటేనే... నడక!

గుడి అర కిలోమీటరే. నడవలేని దూరమేం కాదు. కానీ మధ్యలో మోకాళ్లు పట్టేస్తే కూర్చునేదెక్కడ? ఆ ఒక్క సందేహంతోనే ఎందరో బామ్మలూ తాతయ్యలూ ఇల్లు కదలడం మానేస్తారు. గర్భిణులదీ, చంటిపిల్లల తల్లులదీ అదే ఇబ్బంది. హాయిగా నడవాలంటే కాలిబాట ఒక్కటే చాలదు, దాని పక్కన ఓ బెంచీ కూడా కావాలి.

ఈ చిన్న సంగతి న్యూయార్క్‌కి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఎత్తైన భవనం ముందు జనం కోసం ఖాళీ స్థలం వదిలితే అదనంగా కట్టుకోవచ్చని 1961లో అక్కడ నిబంధన తెచ్చారు. స్థలాలైతే వదిలారు కానీ చాలాచోట్ల జనమే లేరు. ఎందుకని? విలియం హెచ్. వైట్ అనే పరిశోధకుడు కెమెరాలు పెట్టి మరీ గమనించాడు. తేలిందేమిటంటే... కూర్చునే వీలున్నచోటికే జనం వస్తున్నారు! దాంతో 1975లో నిబంధన మారింది. ప్రతి 30 చదరపు అడుగుల స్థలానికీ ఒక అడుగు పొడవున కూర్చునే చోటు ఉండాల్సిందేనన్నారు.

మనకిది కొత్తేమీ కాదు. వీధి అరుగూ, ఊరి రచ్చబండా చేసింది ఈ పనే. ఇళ్లు అపార్ట్‌మెంట్లయ్యాక అరుగుల చోటు పార్కింగుకి పోయింది. ఈసారి కాలనీ సంఘం సమావేశమైతే, ప్రహరీ బయట చెట్టు నీడన ఓ సిమెంటు బెంచీ వేయించమని అడగండి. వెనక్కి ఆనుకోవడానికీ, చెయ్యి ఊని లేవడానికీ వీలుండాలి సుమా! ఆ ధైర్యంతో ఏ బామ్మో గుడిదాకా నడిచి వెళ్తుంది.