ఎంఫిల్ పోయింది, మరి శిక్షణ?

2020 జాతీయ విద్యావిధానం ఎంఫిల్‌కు మంగళం పాడింది. ఇక పీహెచ్‌డీకి ముందు పరిశోధనలో చేయి తిరగడానికి ప్రధాన అవకాశం మాస్టర్సే.

తిరుపతిలోని విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదివేవారికి చివరి ఏడాది ప్రధానంగా పరిశోధనకే. అయితే లోపలికి వెళ్లడం తేలిక కాదు. ప్రవేశపరీక్షలో 60 ప్రశ్నలుంటే జీవశాస్త్రానికి దక్కేవి 15. భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలకూ అన్నేసి. బైపీసీ పిల్లలకు లెక్కలే గండం!

చేరాక అసలు పరీక్ష ల్యాబ్‌లో మొదలవుతుంది. పీసీఆర్ చేసి, జెల్‌లో డీఎన్‌ఏ నడిపి, అతినీలలోహిత కాంతిలో చూస్తే ఆశించిన గీత కనపడదు. తప్పు ప్రైమర్‌దా, ఉష్ణోగ్రతదా, పాడైన ఎంజైమ్‌దా? ఒక్కొక్కటే మార్చి మళ్లీ చేయాలి. వారాలు గడిచిపోతాయి. గైడ్ ఓపిక కూడా అప్పుడే బయటపడుతుంది.

మామూలు ఎమ్మెస్సీల్లో చాలాచోట్ల ప్రాజెక్టును ఆఖరి సెమిస్టర్‌లో ఇరికిస్తున్నారు. గీత కనపడేలోపే ప్రాజెక్టు నివేదిక బైండింగ్ గడువు ముంచుకొస్తుంది. మూడేళ్ల డిగ్రీ చేసినవారికి మాస్టర్స్ రెండో ఏడాదంతా పరిశోధనకే ఇవ్వవచ్చని అదే విద్యావిధానం చెబుతోంది. ఆ వెసులుబాటును తెలుగు రాష్ట్రాల వర్సిటీలు వాడుకోవాలి. అందుకు ముందుగా ఎంజైములకు, రసాయనాలకు ప్రభుత్వాలు డబ్బివ్వాలి. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపాలి.